రాత్రి రౌండ్‌లో ఖైదీని ఎలా చూడాలి, బుక్‌లో ఏం రాయాలి

కొత్తగా చేరిన వార్డర్లు, సబ్ జైలుకు బదిలీ అయి మొదటిసారి ఒంటరిగా నైట్ డ్యూటీ చేస్తున్నవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. "రౌండ్‌లో అసలు ఏం చూడాలి సార్?" అనేది ఒకటి. "బుక్‌లో ఏం రాస్తే రేపు మాట రాకుండా ఉంటుంది?" అనేది రెండోది. మొదటిది సరిగ్గా చేస్తే రెండోదానికి జవాబు దానంతట అదే వస్తుంది. చూసినవాడికి రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. చూడనివాడు 'ఆల్ ఓకే' అని రాస్తాడు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. లాకప్ లెక్క (బ్యారక్ మూసేటప్పుడు తలలు లెక్కపెట్టడం) వేరు, రౌండ్ వేరు. ఎవరైనా తప్పించుకున్నారా అన్నది లెక్క తేలుస్తుంది. ఉన్నవాళ్లు క్షేమంగా ఉన్నారా అన్నది రౌండ్‌లో తేలాలి. దుప్పటి కింద ఊపిరి ఆగిన మనిషి కూడా లెక్కకు సరిపోతాడు. అందుకే 'లెక్క సరిపోయింది' అని రాసినంత మాత్రాన రౌండ్ చేసినట్టు కాదు.

దేశంలోని జైళ్ల పరిస్థితిపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ 2017 నుంచి 2021 వరకు జైళ్లలో జరిగిన అసహజ మరణాలను లెక్కవేసింది. మొత్తం 817. వాటిలో 660 ఆత్మహత్యలు. మనం కొట్లాటల గురించి, పారిపోవడం గురించి టెన్షన్ పడతాం. ప్రాణం మాత్రం ఎక్కువగా పోయేది ఎవరూ చూడని మూలలో, చప్పుడు లేకుండా. సిద్ధాంతం ఇంతటితో చాలు, పనిలోకి వెళ్దాం.

డ్యూటీకి ముందు దగ్గర ఉండాల్సినవి

- సరైన టైమ్ చూపే చేతి గడియారం. దాన్ని సీసీటీవీ గడియారంతో సరిచూసుకోండి. రెండింటికీ నాలుగు నిమిషాలు తేడా ఉంటే ఆ తేడానే రేపు పెద్ద ప్రశ్న అవుతుంది.
- టార్చ్ లైట్, అదనంగా బ్యాటరీలు లేదా ఛార్జ్ చేసిన ఇంకో లైటు.
- విజిల్, వాకీటాకీ. రెండూ డ్యూటీ మొదట్లోనే ఒకసారి పరీక్షించాలి.
- జేబులో పట్టే చిన్న నోట్ పుస్తకం, రెండు బాల్ పెన్నులు. పెన్సిల్ వద్దు, వైట్‌నర్ అసలే వద్దు.
- చేతి తొడుగులు.
- ఉరిని కోసే కత్తి. మొన లేకుండా కొక్కెంలా వంగి, లోపలి వైపు మాత్రమే పదును ఉండేది. ఇది మీ దగ్గర ఉంటుందా, కంట్రోల్ రూమ్‌లో ఉంటుందా, మెయిన్ గేట్‌లో ఉంటుందా అన్నది ముందే తెలిసి ఉండాలి. జైలులో అలాంటిది లేకపోతే కావాలని సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా అడగండి.
- ఆ రాత్రి ప్రత్యేకంగా కనిపెట్టాల్సిన ఖైదీల జాబితా.

ఇంకొకటి, చేతిలో పట్టుకునేది కాకపోయినా తప్పక కావాల్సింది: తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియడం. చాలా జైళ్లలో రాత్రిపూట బ్యారక్ తాళం చెవులు తిరిగే వార్డర్ దగ్గర ఉండవు. మీరు కేక వేశాక తాళం తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా కొలిచారా? ఊపిరి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. తాళానికే ఎనిమిది నిమిషాలు పడుతుంటే ఆ సంగతి పై అధికారికి ముందే తెలియాలి. పంచనామా రోజున తెలిసి లాభం లేదు.

1. ఛార్జ్ తీసుకునేటప్పుడు నోటి మాటతో సరిపెట్టకండి

దిగిపోయే వార్డర్ ఇంటికి వెళ్లే తొందరలో ఉంటాడు. "అంతా మామూలే అన్నా" అనేసి వెళ్లిపోతాడు. ఆపి మూడు అడగండి. ఈ రోజు కొత్తగా ఎవరు వచ్చారు? కోర్టుకు వెళ్లొచ్చినవాళ్లలో ఎవరికి ఏం జరిగింది? ఎవరు అన్నం తినలేదు?

ఇద్దరూ కలిసి ఒకసారి బ్యారక్‌ల ముందు నడవండి. ప్రతి ఖైదీనీ చూసి, ఇద్దరూ సంతకం పెట్టి, టైమ్ వేయండి. ఈ ఉమ్మడి రౌండ్ చేయకపోతే మీ డ్యూటీ మొదలుకాక ముందే జరిగినదానికి మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

2. ఎవరిని ఎక్కువగా చూడాలో రాసుకోండి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. అందరినీ ఒకేలా చూడటం న్యాయంగా అనిపిస్తుంది గానీ, ముప్పు అందరికీ ఒకేలా ఉండదు.

మొదటిసారి జైలుకు వచ్చినవాడికి మొదటి కొన్ని రోజులు, అందులోనూ మొదటి రాత్రి, చాలా గడ్డుకాలం. పరువు పోయిందన్న బాధ, ఇంట్లో ఎవరికీ ఫోన్ అందలేదన్న దిగులు, పక్కన ఎవరున్నారో తెలియని భయం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ తర్వాత బెయిల్ కొట్టేసిన రోజు, శిక్ష పడిన రోజు, ములాఖత్‌లో చెడు వార్త విన్న రోజు, భార్య విడాకుల నోటీసు అందిన రోజు, ఎదురుచూసిన ములాఖత్‌కు ఎవరూ రాని రోజు. కుటుంబంలోనే హత్య జరిగి, అందులో నిందితుడిగా వచ్చినవాడిని ప్రత్యేకంగా చూడాలి. గతంలో ఒకసారి ఆత్మహత్య ప్రయత్నం చేసినవాడి పేరు జాబితాలోంచి ఎప్పుడూ తీసేయకూడదు.

మన దగ్గర ఇంకో ముప్పు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. రోజూ తాగేవాడు జైలుకు వస్తే మందు ఒక్కసారిగా ఆగిపోతుంది. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు చేతులు వణకడం, చెమటలు, కంగారు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, గోడలతో మాట్లాడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం వస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన కల్లు అలవాటున్నవాళ్లలో ఇది ఇంకా తీవ్రంగా ఉండొచ్చు, ఎందుకంటే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అవి అకస్మాత్తుగా ఆగితే మనిషి పిచ్చి పట్టినట్టు ప్రవర్తిస్తాడు. దాన్ని 'గొడవ చేస్తున్నాడు' అని రాసి సెల్‌లో వేయడం ప్రాణం తీసే పొరపాటు. అది మెడికల్ ఎమర్జెన్సీ. ఆసుపత్రి పని, క్రమశిక్షణ పని కాదు.

జాబితాలో వీళ్లను కూడా చేర్చండి: షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు వాళ్లు, తలకు దెబ్బతో వచ్చినవాళ్లు, ఒంటరి సెల్‌లో ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, తోటివాళ్లతో పగ ఉన్నవాళ్లు.

జాబితా మీరొక్కరే తయారు చేసేది కాదు. మెడికల్ ఆఫీసర్, జైలర్, పగటి డ్యూటీ వాళ్లు చెప్పినది కలపాలి. 1894 జైళ్ల చట్టం 37వ సెక్షన్ ఈ విషయంలో సూటిగా ఉంది. శరీరంలో గానీ మనసులో గానీ ఆరోగ్యం బాగాలేనట్టు కనిపించిన ఖైదీ పేరును, అతని మీద నేరుగా బాధ్యత ఉన్న ఉద్యోగి ఆలస్యం లేకుండా జైలర్‌కు తెలపాలి. ఆ ఉద్యోగి రాత్రి రెండు గంటలకు ఎవరు? మీరే.

3. ఎంతసేపటికి ఒకసారి?

మీ సూపరింటెండెంట్ స్టాండింగ్ ఆర్డర్‌లో ఉన్న గడువే మీకు ప్రమాణం. అంతకంటే తరచుగా వెళ్లవచ్చు, ఆలస్యం మాత్రం కాకూడదు. పోల్చి చూసుకోవాలంటే, అమెరికాలో కాలిఫోర్నియా జైళ్లకు రెండు చెక్‌ల మధ్య గంటకు మించి ఖాళీ ఉండకూడదన్న నిబంధన ఉంది. టెక్సస్‌లో మామూలు ఖైదీలకు గంట, ఆత్మహత్య ముప్పు లేదా మానసిక సమస్య ఉన్నవాళ్లకు అరగంట. ఆత్మహత్య ముప్పు తేలినవాళ్లను పావుగంట దాటకుండా, అదీ సమయాలు మారుస్తూ చూడాలని అమెరికా జైలు వైద్య ప్రమాణాలు చెబుతాయి.

అయితే రెండు హెచ్చరికలు.

పావుగంట చెక్ ఉంది కదా అని ధీమా పడకండి. రెండు చెక్‌ల మధ్య ప్రాణం పోవడానికి పావుగంట ఎక్కువే. ఇప్పుడే చచ్చిపోతానని చెబుతున్నవాడిని, అప్పుడే ప్రయత్నించి దొరికినవాడిని చెక్‌ల మీద వదలకూడదు. కళ్లెదుట ఒక మనిషి కూర్చోవాలి, ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా.

రెండోది, గడియారం ముల్లులా తిరగకండి. సరిగ్గా 12:00, 12:30, 1:00కి బూట్ల చప్పుడు వినిపిస్తే లోపలివాళ్లకు మీ ఖాళీలు కంఠతా వచ్చేస్తాయి. 12:04, 12:27, 12:51, 1:10 అన్నట్టు మారుస్తూ వెళ్లండి. దారి కూడా మార్చండి. ఒకసారి చివరి సెల్ నుంచి మొదలుపెట్టండి. ఒక్కోసారి రౌండ్ ముగించిన వెంటనే మళ్లీ వెనక్కి తిరగండి.

4. ఒక మనిషిని చూడటం అంటే

బ్యారక్ ఊచల ముందు నిలబడి దుప్పట్ల వరుస చూడటం చూడటం కిందికి రాదు. ప్రతి మనిషి దగ్గరా మీకు మూడింటిలో ఒకటి దొరకాలి: ఛాతీ లేదా పొట్ట ఎత్తుపల్లాలు, కదలిక, మాట. ఏదీ దొరకకపోతే ముందుకు కదలకండి.

ఎలా చేయాలంటే:

అ) టార్చ్ వెలుగు ముఖం మీద కొట్టకండి. పక్క గోడ మీద వేస్తే చాలినంత వెలుతురు పడుతుంది. నిద్ర చెడగొడితే మీ మీద కోపం పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, రాత్రంతా నిద్రలేని మనిషి మానసికంగా ఇంకా దిగజారతాడు.

ఆ) ఊపిరి కనిపించేదాకా నిలబడండి. గాఢ నిద్రలో ఊపిరి నెమ్మదిగా ఉంటుంది. కొన్ని సెకన్లు పడుతుంది, పట్టనివ్వండి.

ఇ) కనిపించకపోతే మెల్లగా పిలవండి. పలకకపోతే గట్టిగా. అప్పటికీ పలకకపోతే పక్కన పడుకున్న ఖైదీని తట్టమనండి, అదే సమయంలో వాకీటాకీలో సాయం అడగండి. 'ఇంకో రౌండ్‌లో చూద్దాం' అనే మాట ఇక్కడ లేదు.

ఈ) ముఖం మీదాకా దుప్పటి కప్పుకోవడాన్ని మొదటి రోజే మాన్పించండి. చలికాలంలో, దోమల వల్ల గొడవ అవుతుంది. అప్పుడు కనీసం తల లేదా చెయ్యి బయట ఉంచమని చెప్పి, ఆ సంగతి బ్యారక్‌లో అందరికీ తెలిసేలా చేయండి.

ఉ) టాయిలెట్ మూల, కిటికీ పక్క, తలుపు వెనక, కెమెరాకు అందని చోటు. రౌండ్ ఎంత తొందరలో ఉన్నా ఇవి వదలకండి. టాయిలెట్‌లో ఉన్నవాడు పలికేదాకా అక్కడే ఉండండి. కూర్చుని ఉన్నాడు, పాదాలు నేల మీద ఉన్నాయి అన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దు.

ఊ) గురక చాలామందిని మోసం చేస్తుంది. 'గురక పెడుతున్నాడు, బాగానే ఉన్నాడు' అనుకుంటాం. మత్తుమందు లేదా మాత్రలు ఎక్కువ మింగినవాడికి, తలకు దెబ్బ తగిలినవాడికి గొంతులో గరగర లాంటి గురక వస్తుంది. మధ్యమధ్య ఊపిరి ఆగి మళ్లీ వస్తుంది. అలాంటి గురక వింటే లేపండి. లేవకపోతే అది ఎమర్జెన్సీ.

తాగి ఉన్నవాడిని, తలకు దెబ్బతో వచ్చినవాడిని, షుగర్ పేషెంట్‌ను కళ్లతో చూస్తే సరిపోదు. డాక్టర్ చెప్పిన ప్రకారం ప్రతిసారీ లేపి, పేరు, ఉన్న చోటు అడగండి. పోయినసారి సరిగ్గా చెప్పి ఈసారి తడబడితే, డాక్టర్‌ను లేపాల్సిన టైమ్ అదే.

ఎండాకాలం రేకుల షెడ్డు బ్యారక్‌లలో వడదెబ్బ రాత్రి కూడా తగులుతుంది. ఒళ్లు కాలిపోతూ, తికమకగా మాట్లాడుతున్నవాడిని చల్లబరుస్తూనే ఆసుపత్రికి పంపాలి.

అరవై మంది ఉన్న బ్యారక్‌లో ఇదంతా ఎలా కుదురుతుందని అడుగుతారు. బయటి నుంచి వరుసలవారీగా కుదురుతుంది, కాకపోతే టైమ్ పడుతుంది. పడుకునే చోట్లు లాకప్ టైమ్‌లోనే ఖరారు చేసి, జాబితాలో ఉన్నవాళ్లను ఊచల దగ్గరి వరుసలో, వెలుతురులో పడుకోబెట్టండి. సగం పని అక్కడే తేలికవుతుంది. బ్యారక్ లోపల రాత్రి కాపలా ఉండే ఖైదీ మాట వినండి, వాడికి మీకంటే ఎక్కువ తెలుస్తుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023లో ఇచ్చిన సలహాల్లోనూ ముప్పున్న ఖైదీకి తోడుగా ఒక మంచి ఖైదీని ఉంచే పద్ధతి ఉంది. కానీ వాడు 'అందరూ బాగున్నారు సార్' అన్నాడని బుక్‌లో రాయకూడదు. వాడు డ్యూటీలో లేడు. ఉన్నది మీరు.

మహిళా బ్యారక్‌లో ఈ పని మహిళా వార్డర్లదే. ఎమర్జెన్సీలో పురుష సిబ్బంది వెళ్లాల్సి వచ్చినా మహిళా ఉద్యోగి ముందుండాలి, ఎవరెవరు వెళ్లారో టైమ్‌తో రాయాలి. తల్లితో పాటు ఉండే ఆరేళ్ల లోపు పిల్లలనూ విడిగా చూసి, విడిగా రాయండి. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ఈ పిల్లల గురించే. వాళ్లు ఖైదీలు కాదు, కాబట్టి ఖైదీల లెక్కలో కనిపించరు. అందుకే రౌండ్‌లో మరుగున పడిపోయే ప్రమాదం ఎక్కువ.

5. మెలకువగా ఉన్నవాడితో ఒక మాట

రాత్రి రెండున్నరకు ఒకడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చాలామంది 'పడుకో' అని గద్దించి వెళ్లిపోతారు. ఒక నిమిషం ఆగండి. "నిద్ర పట్టట్లేదా? ఏమైంది?" అని అడగండి. ఊరి పేరో, అమ్మ సంగతో అడిగినా చాలు. ఏడుస్తున్నా, వస్తువులు పంచిపెడుతున్నా, 'ఇంక ఎవరికీ భారం కాను' లాంటి మాటలన్నా నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందేమో అని భయపడతారు. పుట్టదు. అడిగితే చాలాసార్లు బయటపడుతుంది. అవునన్నాడంటే వాడిని ఒంటరిగా వదిలి జైలర్ దగ్గరకు పరిగెత్తకండి. అక్కడే ఉండి మనిషిని పిలిపించండి.

చాలా రోజులు దిగులుగా ఉన్నవాడు ఒక్కసారిగా ప్రశాంతంగా, నవ్వుతూ కనిపిస్తే సంతోషించే ముందు డాక్టర్‌కు చెప్పండి.

6. బుక్‌లో రాయడం

సూత్రం ఒక్కటే: చూసిన చోటే, చూసిన వెంటనే, చూసినదే.

ప్రతి ఎంట్రీలో టైమ్ నిమిషాలతో, బ్యారక్ లేదా సెల్, ఎంతమందిని చూశారు, ప్రత్యేకంగా చూసినవాళ్ల యూటీ (అండర్ ట్రయల్, అంటే విచారణ ఖైదీ) లేదా శిక్షా ఖైదీ నంబర్, వాళ్లు చేస్తున్నది, మీరు చేసినది, ఎవరికి చెప్పారు, సంతకం ఉండాలి. ఉదాహరణకు ఇలా రాస్తే పనికిరాదు:

"1:00 అన్ని బ్యారక్‌లు చూశాను. ఆల్ ఓకే."

ఇలా రాయండి:

"1:07 – 1:19. బ్యారక్ 3. 42 మంది. 41 మంది నిద్రలో, ఊపిరి గమనించాను. యూటీ 518 మెలకువగా కూర్చుని ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి, చెమట. తాగుడు అలవాటు ఉందని, రెండు రోజులుగా తాగలేదని చెప్పాడు. 1:21కి డిప్యూటీ జైలర్‌కు వాకీటాకీలో చెప్పాను. 1:34కి మెడికల్ స్టాఫ్ వచ్చి చూశారు."

రెండోది రాయడానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. తర్వాత ఎప్పుడైనా కోర్టు బోనులో నిలబడాల్సి వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ నిమిషమే.

అభిప్రాయాలు రాయకండి. 'నాటకం ఆడుతున్నాడు', 'పిచ్చివాడు', 'కావాలని చేస్తున్నాడు' అన్నవి మీరు కళ్లతో చూసినవి కావు. 'గోడకు తల మూడుసార్లు కొట్టుకున్నాడు, నుదుటి మీద వాపు' అన్నది చూసింది. ఖైదీ అన్న మాటను కొటేషన్‌లో ఉన్నదున్నట్టు రాయండి, తిట్టు ఉన్నా సరే.

తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, టైమ్ వేయండి. కింది అక్షరాలు కనబడాలి. ఏదైనా రాయడం మర్చిపోతే తర్వాత ఖాళీలో ఇరికించకండి. 'ఆలస్యంగా రాస్తున్నాను' అని మొదలుపెట్టి, ఇప్పటి టైమ్, అప్పటి టైమ్ రెండూ రాయండి. పేజీ చింపకూడదు. వేరేవాళ్ల బదులు సంతకం పెట్టకూడదు, ఎంత స్నేహితుడైనా.

ముఖ్యమైన విషయం రౌండ్ బుక్‌లోనే ఉండిపోతే ఉపయోగం లేదు. ఖైదీ హిస్టరీ టికెట్‌లోకి (ఒక్కో ఖైదీ వివరాలు రాసే కార్డు), జైలర్ రిపోర్ట్ బుక్‌లోకి, డాక్టర్ దగ్గరకు చేరాలి. రాశాం కదా, వాళ్లే చదువుకుంటారు అనుకోవడం వల్ల చాలా హెచ్చరికలు కాగితంలోనే సమాధి అవుతాయి.

7. ఏదైనా జరిగితే, ఆ క్షణంలో

మొదట విజిల్, వాకీటాకీ. ఏ బ్యారక్, ఏం జరిగింది, ఒక్క ముక్కలో. తర్వాత తాళం, కత్తి, 108.

లోపలికి ఒంటరిగా పరిగెత్తడంపై మీ జైలు ఆర్డర్ ఏం చెబుతుందో ముందే తెలుసుకోండి. ఒక్కోసారి అది మిమ్మల్ని లోపలికి రప్పించే ఎత్తు కావచ్చు. కానీ రెండో మనిషి రాగానే ఒక్క క్షణం ఆగొద్దు.

ఉరి అయితే ఒకరు శరీరాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు కోయాలి. ముడిని వదిలేసి వేరే చోట కోయండి, ముడి సాక్ష్యం. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. శిక్షణ ఉంటే 30 నొక్కులకు రెండు శ్వాసలు, లేకపోతే నొక్కుతూనే ఉండండి. అలసిపోతే మారండి. 'ఒళ్లు చల్లబడింది, పోయాడు' అని తేల్చే పని మనది కాదు, డాక్టర్‌ది. ఫొటోలు తీయడం, సూపరింటెండెంట్ వచ్చేదాకా ముట్టుకోవద్దనడం లాంటివి తర్వాత. ముందు ప్రాణం.

ఊపిరి ఉండి తెలివి లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఫిట్స్ వస్తే నోట్లో చెంచా పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టకండి. తల కింద మెత్తటిది పెట్టి, ఎంతసేపు వచ్చిందో టైమ్ చూడండి.

ఒక మనిషి టైమ్‌లు రాస్తూ ఉండాలి. ఎప్పుడు చూశాం, ఎప్పుడు తాళం తెరిచాం, ఎప్పుడు నొక్కడం మొదలుపెట్టాం, 108 ఎప్పుడు వచ్చింది. అరచేతి మీద రాసినా పరవాలేదు.

మరణం జరిగితే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లోపు తెలపాలి. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 196వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ విచారణ జరుగుతుంది. మీ బుక్, సీసీటీవీ, డ్యూటీ రోస్టర్ పక్కపక్కన పెట్టి చదువుతారు. అప్పుడు బుక్‌లో ఒక్క అక్షరం కూడా 'బాగు' చేయకండి. ఒక రౌండ్ మిస్ కావడం తప్పు. దాన్ని చేసినట్టు తర్వాత రాయడం నేరం. 2019 ఆగస్టు 10న న్యూయార్క్ ఫెడరల్ జైలులో జెఫ్రీ ఎప్‌స్టీన్ చనిపోయినప్పుడు ఇదే జరిగింది. అరగంటకోసారి చూడాల్సిన సిబ్బంది రాత్రి గంటలకొద్దీ చూడలేదు, చూసినట్టు కాగితాలు మాత్రం నింపారు. కెమెరా అంతా చెప్పేసింది, ఇద్దరు ఉద్యోగులపై తప్పుడు రికార్డుల కేసు పెట్టారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

డ్యూటీ మొదట్లోనే రాత్రంతటి ఎంట్రీలు రాసేయడం అన్నిటికంటే పెద్దది. తెల్లవారి కూర్చుని నింపడం దాని తమ్ముడే. ఇంకు రంగు, చేతిరాత ఒరవడి, అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిసే టైమ్‌లు చూడగానే పట్టించేస్తాయి.

కెమెరా స్క్రీన్ చూసి రౌండ్ రాయడం ఇంకొకటి. కెమెరాకు ఊపిరి కనిపించదు. కెమెరా మీ కళ్లకు సాయం, బదులు కాదు.

ఊచల మీద లాఠీతో టకటకమని కొడుతూ నడిచే అలవాటు కొందరికి ఉంది. దానితో అందరూ లేస్తారు, మీరు వస్తున్నారని అందరికీ తెలుస్తుంది. రెండూ మనకు పనికిరావు.

ముప్పున్న ఖైదీని 'సేఫ్టీ కోసం' ఒంటరి సెల్‌లో పెట్టడం కూడా పొరపాటే. ఒంటరితనం ముప్పును పెంచుతుంది. తప్పనిసరైతే పర్యవేక్షణ రెట్టింపు కావాలి. 1894 జైళ్ల చట్టం 29వ సెక్షన్ ప్రకారం అలాంటి సెల్ నుంచి ఖైదీ ఏ సమయంలోనైనా జైలు అధికారిని పిలిచే వీలుండాలి. 24 గంటలు దాటితే వైద్య సిబ్బంది రోజుకు ఒకసారైనా చూడాలి.

మందుల విషయం: ఇచ్చిన మాత్ర మింగాడా, నోట్లో దాచాడా చూడకుండా 'మందు ఇచ్చాం' అని రాయడం. దాచి పోగేసిన మాత్రలే ఒక రాత్రి ప్రాణం మీదికి తెస్తాయి.

సరిగ్గా జరుగుతోందా, ఎలా తెలుస్తుంది?

మీకు మీరే పెట్టుకునే పరీక్ష: రౌండ్ ముగించి కూర్చున్నాక, జాబితాలో ఉన్న ఒక ఖైదీ ఏ వైపు తిరిగి పడుకున్నాడో గుర్తు తెచ్చుకోండి. రాకపోతే ఆ రౌండ్ కాళ్లతో చేశారు, కళ్లతో కాదు. మళ్లీ వెళ్లండి.

హెడ్ వార్డర్లు, జైలర్లు వారానికి ఒక గంటను ముందే చెప్పకుండా ఎంచుకుని, ఆ గంట బుక్‌ను కెమెరాతో పోల్చాలి. ఎంట్రీల మధ్య ఖాళీలు కొలవాలి. నెల మొత్తంలో ఒక్క అసాధారణ ఎంట్రీ కూడా లేని బుక్ కనిపిస్తే మెచ్చుకోకండి, అనుమానించండి. వందల మంది ఉన్న చోట ఏ రాత్రీ ఎవరికీ జ్వరం రాలేదా?

స్తోమత ఉన్న జైళ్లలో సెల్ పక్కన గోడకు చిన్న బటన్ లాంటి పరికరం పెట్టి, వార్డర్ చేతి యంత్రంతో తాకగానే టైమ్ నమోదయ్యేలా చేయవచ్చు. టెక్సస్‌లో సాండ్రా బ్లాండ్ అనే మహిళ జైలులో చనిపోయాక 2017లో వచ్చిన చట్టం అలాంటి ఎలక్ట్రానిక్ ఏర్పాట్లను కోరింది. మంచిదే. కాకపోతే అది మీరు గోడ దగ్గరకు వెళ్లారని చెబుతుంది, లోపలికి చూశారని చెప్పదు.

ఒక మాట మీ గురించి

ఉరి కోసి దించినవాడికి ఆ రాత్రి చాలాకాలం వెంటాడుతుంది. నిద్ర పట్టకపోతే, తాగుడు పెరిగితే, ఆ బ్యారక్ వైపు వెళ్లాలంటే ఒళ్లు జలదరిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఖైదీలకే కాదు, మనకూ.

చివరిగా, అందరూ అడిగే ఇంకో ప్రశ్న: "ఒక్కడినే ఉన్నాను, అన్ని రౌండ్లు కుదరవు. ఏం చేయాలి?"

నిజమే, ఖాళీలు ఉన్నాయి. సబ్ జైలులో ఒక్కోసారి గేటు, బ్యారక్‌లు అన్నీ ఇద్దరి మీదే. ముందు జాబితాలో ఉన్నవాళ్లను చూడండి, వాళ్ల రౌండ్ మాత్రం తప్పించకండి. మిగతావి ఆలస్యమైతే ఆలస్యమైనట్టే రాయండి: "2:10 రౌండ్ చేయలేకపోయాను. కారణం: యూటీ 233ను ఎస్కార్ట్‌తో ఆసుపత్రికి పంపే పనిలో గేటు దగ్గర ఉన్నాను. తర్వాతి రౌండ్ 2:48." ఆ రాత్రే పై అధికారికి ఫోన్‌లో చెప్పి, చెప్పిన టైమ్ కూడా బుక్‌లో వేయండి. వారంలో ఇలా రెండు మూడుసార్లు జరిగితే తేదీలతో ఒక కాగితం మీద రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చి, కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి.